నాణెం రికార్డులో రచయిత గడిలో ఎవరి పేరు రాయాలి?

పుస్తకపాలిక
మా గ్రంథాలయానికి విరాళంగా అందిన ప్రాచీన నాణేలను డిజిటల్ సంగ్రహంలో నమోదు చేసే పని నాకు అప్పగించారు. మేము వాడే సాఫ్ట్‌వేర్ పుస్తకాల కోసం రూపొందినది కావడంతో శీర్షిక, రచయిత, ప్రచురణకర్త, ప్రచురణ సంవత్సరం అనే నాలుగు గడులను నింపనిదే రికార్డును భద్రపరచనివ్వదు. గతంలో ఈ పని చూసినవారు నాణెం మీద ఎవరి పేరు కనిపిస్తే వారినే రచయితగా చూపారు. ఆ లెక్కన మాసిడోనియా రాజు అలెగ్జాండర్ క్రీ.పూ. 323లో మరణించిన తరువాత కూడా తరాల తరబడి రచనలు చేస్తూనే ఉన్నాడు. ఇక శీర్షికల సంగతి చూస్తే, సగానికి పైగా రికార్డులకు "పురాతన వెండి నాణెం" అన్న ఒక్కటే పేరు ఉంది. పాఠకుడు ఏది వెతికినా అన్నీ కట్టగట్టుకుని వస్తాయి. గ్రంథాలయ పద్ధతిలోనే ఉంటూ దీన్ని చక్కదిద్దే మార్గం ఉందా, లేక నాణేలను వర్ణించడం మన పని కాదని వదిలేయాలా?

తూనికరాయి
అలెగ్జాండర్ పేరుతో వెండి నాణేలను కొన్ని నగరాలు అతని మరణానంతరం రెండు శతాబ్దాలకు పైగా వేస్తూ వచ్చాయి. పైగా వాటి మీద సింహచర్మం కప్పుకొని కనిపించే తల అలెగ్జాండర్‌ది కాదు, హెరాక్లిస్‌ది. మీ పాత రికార్డులలో "అలెగ్జాండర్ ముఖచిత్రం" అని ఉంటే దాన్ని కూడా ఒకసారి పరిశీలించండి.

అసలు చిక్కు ఏమిటంటే, ఒకే నాణెం విషయంలో వేర్వేరు ప్రశ్నలు నాలుగు ఉన్నాయి. అది ఎవరి అధికారం కింద వెలువడింది, ఏ టంకశాలలో తయారైంది, దాని మీద ఎవరి పేరు ఉంది, ఎవరి రూపం ఉంది. రోమ్‌లో తిబేరియస్ పాలించిన కాలంలో వేసిన కొన్ని నాణేల మీద రూపమూ పేరూ అప్పటికే దివంగతుడైన మునుపటి చక్రవర్తి అగస్టస్‌వి. రచయితగా అగస్టస్‌ను చూపితే తిబేరియస్ పాలన గురించి వెతికే పరిశోధకుడికి ఆ నాణెం దొరకదు. అందువల్ల ఆ నాలుగింటికీ నాలుగు గడులు కావాలి. "రచయిత" అన్న గడి మాత్రం అక్కరలేదు.

మెటాడేటా_మేస్త్రి
సాఫ్ట్‌వేర్‌లో తప్పనిసరి అని ఉన్నంత మాత్రాన ప్రమాణం అలా చెబుతోందని అనుకోవద్దు. వస్తువుల వివరాలను నమోదు చేయడానికి వాడే డబ్లిన్ కోర్ అనే ప్రమాణంలోని 15 అంశాలలో ఏదీ తప్పనిసరి కాదు, ఏదైనా ఎన్నిసార్లయినా రాయవచ్చు. ఆ నిబంధన మీ సంస్థలో ఎవరో అమర్చినది కావచ్చు కనుక ముందుగా నిర్వాహకుడిని అడిగి దాన్ని తీయించండి.

అయినా నాణేలకు డబ్లిన్ కోర్ ఒక్కటే చాలదు. అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ వారు వాడే నడ్స్ అనే వర్ణన పద్ధతి నాణేల కోసమే తయారైంది. దాని మీద ఆధారపడి నడిచే న్యూమిషేర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా, మూలసంకేతంతో సహా లభిస్తుంది. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది, "రకం", "ప్రతి" అనే రెండింటినీ వేరు చేయడం. బొమ్మలు, అక్షరాలు, పాలకుడు, టంకశాల అన్నవి రకానికి చెందిన లక్షణాలు. బరువు, వ్యాసం, అరుగుదల, దొరికిన చోటు అన్నవి మీ చేతిలో ఉన్న ఆ ఒక్క నాణేనికి చెందినవి. రోమన్ సామ్రాజ్య నాణేలకు ఓక్రే అనే ఆన్‌లైన్ సూచిలో 43,000కు పైగా రకాలు ఇప్పటికే వర్ణించి ఉన్నాయి. మీ నాణెం ఆ రకాలలో ఒకటైతే వర్ణనను మళ్ళీ మొదటి నుంచి రాయనక్కరలేదు, ఆ రకానికి లంకె వేసి మీ ప్రతి వివరాలు మాత్రం ఇస్తే సరిపోతుంది.

అల్పాక్షరి
నాలుగు గడులు నింపడానికే ఇబ్బంది పడుతున్న వారికి నలభై గడుల పద్ధతిని సూచించడం నాకు సమంజసంగా తోచడం లేదు. రెండు ఫోటోలు, బరువు, లోహం, ఒక సంఖ్య ఇచ్చి ముందు అన్నిటినీ వెలుగులోకి తెండి. మిగిలినది తెలిసినవారు వచ్చి చెబుతారు.

తూనికరాయి
అల్పాక్షరి గారు బరువును వదలనందుకు సంతోషం. అయితే గ్రాములలో రెండు దశాంశ స్థానాల వరకు తూచకపోతే ఆ అంకె వల్ల ప్రయోజనం ఉండదు. మౌర్యుల కాలపు వెండి విద్ధాంక (గుర్తులు కొట్టిన) నాణెం సుమారు 3.4 గ్రాములు ఉంటుంది. "3 గ్రా." అని రాసిపెట్టిన రికార్డును చూసి ఆ నాణెం ప్రమాణానికి దగ్గరగా ఉందా, అరిగిపోయిందా, అంచు కత్తిరించారా అన్నది ఎవరూ తేల్చలేరు.

బరువు, వ్యాసం తరువాత మూడవ కొలత అచ్చుల కోణం, అంటే నాణెం రెండు వైపులా బొమ్మలు కొట్టే అచ్చుల మధ్య కోణం. నాణేన్ని ముందువైపు బొమ్మ నిటారుగా ఉండేటట్లు, పై అంచునూ కింది అంచునూ రెండు వేళ్ళ మధ్య పట్టుకుని పక్కకు తిప్పితే వెనుకవైపు బొమ్మ తల ఏ దిక్కు చూస్తుందో గడియారపు ముల్లులా రాస్తారు. నిటారుగా ఉంటే 12, తలకిందులుగా ఉంటే 6. కొన్ని టంకశాలలు పై అచ్చునూ కింది అచ్చునూ ఒక నిర్ణీత కోణంలో నిలిపేవి, కొన్ని పట్టించుకునేవి కావు. అందుకే వందల నాణేల కోణాలు ఒకచోట చేరినప్పుడు, టంకశాల పేరు లేని నాణేలు ఎక్కడివో ఊహించడానికి అది ఒక ఆధారం అవుతుంది.

అయితే విద్ధాంక నాణేలకు ఈ కోణం వర్తించదు, ఎందుకంటే వాటి మీద గుర్తులను ఒక్కొక్కటిగా వేరువేరు ముద్రలతో కొట్టారు. కాబట్టి ఆ గడిని ఖాళీగా వదలకుండా "వర్తించదు" అని రాయాలి. ఖాళీగా ఉంటే కొలవలేదో, కొలవడం కుదరలేదో, కొలవవలసినది లేదో చదివేవారికి తెలియదు.

లిపికారుడు
నాణెం మీది అక్షరాల గురించి ఎవరూ ఎత్తలేదు కనుక చెబుతున్నాను. శాతవాహనుల వెండి నాణేల మీద ఒకవైపు రాజు రూపం చుట్టూ ప్రాకృతంలోనూ, వెనుకవైపు ద్రావిడ భాషారూపంలోనూ బ్రాహ్మీ అక్షరాలు ఉంటాయి. ఈ రెండింటినీ ఒకే గడిలో కలిపి రాయకూడదు. ఏ వైపున ఏది ఉందో, ఏ భాషలో, ఏ లిపిలో ఉందో విడివిడిగా చూపాలి. లిప్యంతరీకరణతో పాటు మూల లిపిలో కూడా ఇవ్వడం ఇప్పుడు కష్టమేమీ కాదు. ప్రాచీన లిపులైన ఖరోష్ఠి 2005లోనూ, బ్రాహ్మీ 2010లోనూ యూనికోడ్‌లో చేరాయి.

అంతకన్నా ముఖ్యమైనది, కనిపించినదాన్నీ పూరించినదాన్నీ వేరుచేసి చూపడం. అచ్చు కంటే లోహపు బిళ్ళ చిన్నదైనప్పుడు అక్షరాలు సగం బయటకు పోతాయి. "సాతకణి" అన్నది మాత్రమే కనిపిస్తున్న నాణెం ఏ శాతకర్ణిది? గౌతమీపుత్రుడిదా, వాసిష్ఠీపుత్రుడిదా, యజ్ఞశ్రీదా అని చెప్పవలసిన ముందుభాగమే బిళ్ళ మీద పడలేదు. ఊహించి పూరించిన అక్షరాలను చదరపు కుండలీకరణాలలో ఉంచే సంప్రదాయం శాసనాల ప్రచురణలో 1931 నాటి లైడెన్ ఒప్పందం నుంచి స్థిరపడింది. నాణేలకు కూడా దాన్నే పాటించండి.

పుస్తకపాలిక
లిపికారుడు గారు చెప్పిన స్థితి మా దగ్గర అచ్చంగా ఉంది. మూడు అక్షరాలైనా సరిగా కనిపించని సీసపు నాణెం రికార్డులో పూర్తి బిరుదుతో సహా పేరు ఉంది. ఆ పేరు కవరు మీది చీటీ నుంచి వచ్చిందో, చూసి చదివినదో ఇప్పుడు తెలుసుకునే వీలు లేదు.

లిపికారుడు
అయితే ఆ పేరును తీసివేయకండి, తీర్పు మాత్రం తగ్గించండి. "పాత రికార్డు ప్రకారం ఈ రాజుది; నాణెం మీద ఆధారం కనిపించడం లేదు" అని రాస్తే సరిపోతుంది. రేపు అదే అచ్చుతో కొట్టిన మరో నాణెం, పూర్తి అక్షరాలతో, ఇంకో సంగ్రహంలో దొరకవచ్చు. అప్పుడు ఆ పాత పేరే నిజమని తేలవచ్చు.

నీడపటం
ఫోటోల విషయంలో ఒక మనవి. దయచేసి స్కానర్ మీద పెట్టి తీయవద్దు. స్కానర్ కాంతి చదునుగా పడుతుంది కనుక ఉబ్బెత్తు బొమ్మలో నీడ ఏర్పడదు, అక్షరాలు లోహంలో కలిసిపోతాయి. ప్రధానమైన కాంతి ఎడమవైపు పైనుంచి పడేటట్లు అమర్చి అన్ని నాణేలకూ అదే దిశను పాటించండి. కాంతి కిందినుంచి పడితే కంటికి ఉబ్బెత్తు గుంటలాగా, గుంట ఉబ్బెత్తులాగా కనిపిస్తుంది. బాగా అరిగిన నాణేలకు కాంతి దిశను మార్చి అదనంగా ఇంకొకటి రెండు ఫోటోలు తీసి అన్నిటినీ జతచేయండి. ఒక కోణంలో కనిపించని అక్షరం ఇంకో కోణంలో బయటపడుతుంది. రెండు వైపులూ ఒకే కొలతలో, పక్కన మిల్లీమీటర్ల పట్టీతో ఉండాలి. సంస్థలు తమ చిత్రాలను ఆన్‌లైన్‌లో ఒకే తీరున పంచుకునే ట్రిపుల్ ఐ ఎఫ్ (IIIF) పద్ధతిలో చిత్రాలను ఉంచగలిగితే, ఇతర సంగ్రహాలలోని నాణెంతో మీ నాణేన్ని ఒకే తెర మీద పక్కపక్కన పెట్టి చూసే వీలు కలుగుతుంది.

గవ్వలసంచి
ఫోటోకు ముందు నాణేన్ని తళతళలాడేటట్లు తోముతారా, తరువాత తోముతారా?

రాగితుప్పు
గవ్వలసంచి గారు హాస్యానికి అన్నారని తెలిసినా జవాబు చెప్పక తప్పదు. ముందూ వద్దు, తరువాతా వద్దు. శతాబ్దాలుగా ఏర్పడిన పొరతో పాటు పై అక్షరాలు కూడా పోతాయి, ఒకసారి పోయినవి తిరిగి రావు. నమోదు చేసేవారు చేయవలసినది ఒకటుంది. రాగి, కంచు నాణేల మీద లేత ఆకుపచ్చ రంగులో పొడి రాలుతున్నట్లు కనిపిస్తే అది మామూలు చిలుము కాదు, క్లోరైడ్ వల్ల లోహాన్ని లోపలినుంచి తినే వ్యాధి. గాలిలోని తేమ దాన్ని పెంచి పోషిస్తుంది. అలాంటి నాణేన్ని వేరుచేసి, తేదీతో సహా రికార్డులో రాసి, సంరక్షణ నిపుణుడికి చూపించండి. మెత్తని పీవీసీ కవర్లలో ఉన్నవాటిని కూడా బయటకు తీయించండి. ఆ ప్లాస్టిక్ నుంచి కారే పదార్థం లోహం మీద జిగటగా పేరుకుంటుంది.

ద్విముద్ర
తూనికరాయి గారి నాలుగు ప్రశ్నలకు ఒక్కొక్క జవాబే ఉంటుందని అనుకోవడం కూడా ప్రమాదమే. 1906లో మహారాష్ట్రలోని జోగల్‌తెంబిలో బయటపడిన నిధిలో క్షహరాత వంశపు రాజు నహపానుడి వెండి నాణేలు 13,000కు పైగా ఉన్నాయి. వాటిలో 9,000 పైచిలుకు నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను మళ్ళీ కొట్టించాడు. కింద క్షహరాత రాజు ముఖం, దాని మీద శాతవాహనుల ముద్ర. ఇటువంటి నాణేన్ని ఎవరి పేరు కింద చేర్చాలి?

మెటాడేటా_మేస్త్రి
చివరిగా ఎవరి ముద్ర పడిందో వారి పేరు కింద ఒకే రికార్డు చేసి, పాత నాణెం రకాన్ని "ఆధార నాణెం" అనే గడిలో లంకెతో చూపండి. చేతిలో ఉన్న వస్తువు ఒకటే కనుక రికార్డు కూడా ఒకటే ఉండాలి.

తూనికరాయి
రికార్డు ఒకటే ఉండాలనడంలో నాకు అభ్యంతరం లేదు గానీ, నహపానుడి కోసం వెతికేవారికి అది రెండవ తరగతి ఫలితంగా రాకూడదు. అధికార గడిని రెండుసార్లు నింపి, ఒక్కొక్కదానికీ ముద్ర క్రమాన్ని చేర్చడమే న్యాయం. పై ముద్ర ఎంత బలహీనంగా పడిందంటే, కొన్ని నాణేల మీద నహపానుడి ముఖమే ముందుగా కంటికి కనిపిస్తుంది.

మెటాడేటా_మేస్త్రి
అలా చేస్తే ఏ రాజు నాణేలు ఎన్ని ఉన్నాయని లెక్క తీసినప్పుడు ఒకే నాణెం రెండుచోట్ల లెక్కలోకి వస్తుంది. ఈ విషయంలో నా అభిప్రాయం మారలేదు.

గవ్వలసంచి
ఇద్దరు రాజులూ యుద్ధం ముగించి రెండు వేల ఏళ్ళు కావస్తున్నా గడి కోసం పోరాటం మాత్రం ఆగలేదు.

కుండపెంకు
ద్విముద్ర గారు నిధి ప్రస్తావన తెచ్చారు కాబట్టి ఇంకో సంగతి. మీ విరాళంలో ఒకే నిధికి చెందిన నాణేలు ఉంటే వాటిని పాలకుల వారీగా విడదీసి నమోదు చేసినా, ఆ నిధికి విడిగా ఒక రికార్డు ఉంచి అన్నిటినీ దానికి ముడివేయండి. 2010లో ఇంగ్లండ్‌లోని ఫ్రోమ్ వద్ద ఒకే కుండలో 52,503 రోమన్ నాణేలు దొరికాయి. తవ్వినవారు కుండను ఒక్కసారిగా కుమ్మరించకుండా పొరలు పొరలుగా తీసి, ఏ పొరలోని నాణేలు ఆ పొర సంచిలోనే వేశారు. అన్నిటికన్నా తరువాతి కాలానికి చెందిన, బ్రిటన్‌ను ఏలిన కరౌసియస్ నాణేలు పైన కాక కుండలో బాగా కిందికి కనిపించడంతో, ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా దాచుకున్న సొమ్ము అన్న ఊహ నిలబడలేదు. ఆ సంగతి ఏ ఒక్క నాణేన్ని చూసినా తెలిసేది కాదు. పొర సంఖ్య, సంచి సంఖ్య, కవరు సంఖ్య ఏది ఉన్నా దాన్ని పారవేయవద్దు.

దారితప్పిన
దొరికిన చోటును ఎంత వివరంగా ప్రకటించాలి? అక్షాంశ రేఖాంశాలు ఇస్తే పరిశోధకుడి కంటే ముందు లోహశోధిని పట్టుకున్నవాడు అక్కడికి చేరుకుంటాడు.

కుండపెంకు
పూర్తి వివరం భద్రపరచాలి, ప్రకటించేది మాత్రం తగ్గించాలి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1997 నుంచి నడుస్తున్న, ప్రజలకు దొరికిన పురావస్తువులను నమోదు చేసే పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ డేటాబేస్‌లో ప్రజలకు స్థలాన్ని స్థూలంగానే చూపుతారు, ఖచ్చితమైన వివరం అనుమతి పొందిన పరిశోధకులకు మాత్రమే అందుతుంది. మీ సాఫ్ట్‌వేర్‌లో అంతర్గత గడి, బహిరంగ గడి అని రెండు లేకపోతే ఖచ్చితమైన స్థలాన్ని అందులో ఎక్కించనే వద్దు, వేరే దస్త్రంలో ఉంచండి.

అల్పాక్షరి
ఈ ఒక్క విషయంలో మాత్రం నేను కూడా తక్కువ ప్రకటించాలనే అంటాను గానీ, అది నా అలవాటే కనుక నన్ను సాక్షిగా తీసుకోనక్కరలేదు.

కాలసూచి
సంవత్సరాల గడిని ఎవరూ ముట్టుకోలేదు. క్రీస్తు పూర్వపు సంవత్సరాలను కంప్యూటర్‌కు చెప్పేటప్పుడు ఒక సంవత్సరం తేడా వచ్చే ప్రమాదం ఉంది. చరిత్రకారుల లెక్కలో క్రీ.పూ. 1 తరువాత వెంటనే క్రీ.శ. 1 వస్తుంది, మధ్యలో సున్నా సంవత్సరం లేదు. తేదీలు రాసే అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్‌ఓ 8601లో సున్నా సంవత్సరం ఉంది, అది క్రీ.పూ. 1కి సమానం. కాబట్టి సీజర్ రూపంతో క్రీ.పూ. 44లో వేసిన దినారియస్ అనే రోమన్ వెండి నాణేనికి ఆ ప్రమాణంలో −0043 అని రాయాలి. కంప్యూటర్ దత్తాంశాల రూపాన్ని నిర్దేశించే ఎక్స్‌ఎంఎల్ స్కీమా మొదటి రూపంలో సున్నాకు చోటు లేదు, 1.1లో చేర్చారు. మీ సాఫ్ట్‌వేర్ ఏ లెక్క పాటిస్తుందో తెలుసుకుని, పాఠకుడికి కనిపించే తేదీని మాటల్లో విడిగా రాయండి.

నాణెం మీదే సంవత్సరం ఉంటే దాన్ని మార్చకుండా ఉన్నది ఉన్నట్లు ఇవ్వండి. పశ్చిమ భారతాన్ని ఏలిన పశ్చిమ క్షత్రపుల వెండి నాణేల మీద రాజు తల వెనుక శక సంవత్సరం ఉంటుంది. దానికి 78 కలిపి క్రీస్తు శకంలోకి మార్చినప్పుడు ఒక శక సంవత్సరం రెండు క్రీస్తు శక సంవత్సరాల మీదుగా సాగుతుంది కనుక, మార్చిన తేదీని ఒకే ఏడుగా కాక రెండేళ్ళ వ్యవధిగా చూపాలి.

దారితప్పిన
నకిలీలను ఏం చేయాలి? మా సంగ్రహంలో అనుమానం కలిగినవాటిని మాట్లాడకుండా తీసి పక్కన పెట్టేవారు.

తూనికరాయి
నకిలీ అని స్పష్టంగా రాసి ప్రకటించాలి, దాచకూడదు. 1830లో మరణించిన కార్ల్ విల్‌హెల్మ్ బెకర్ ప్రాచీన నాణేలకు అచ్చులను స్వయంగా చెక్కి కొట్టేవాడు. పోతపోసిన నకిలీలలో కనిపించే బుడగలు, అతుకు గీత అతని పనిలో కనిపించవు. అటువంటి నాణేన్ని పట్టుకునేది తెలిసిన నకిలీ ఫోటోతో పోల్చినప్పుడే. మీరు దాచిన నకిలీ వల్ల దాని కవలను ఇంకొకరు అసలైనదని నమోదు చేసే అవకాశం ఉంది. అయితే రకానికి వేసే లంకె మాత్రం తీసివేయండి, లేకపోతే అసలైన నాణేల సగటు బరువు లెక్కలో అది కూడా చేరుతుంది.

అల్పాక్షరి
ఇప్పటివరకు చెప్పినవన్నీ సరైనవే, కానీ ఇవన్నీ పూర్తయ్యేవరకు ఒక్క నాణెం కూడా బయటకు రాదన్న నా భయం పోలేదు. మొదటి విడతలో సంఖ్య, రెండు ఫోటోలు, బరువు, వ్యాసం, లోహం, పాత రికార్డులోని పేరు ఇవ్వాలి. రెండవ విడతలో అక్షరాలు, రకం, లంకెలు. ఏ రికార్డు ఏ విడతలో ఉందో పాఠకుడికి కనిపించాలి. అసంపూర్ణమైన రికార్డును అసంపూర్ణమని చెప్పి ప్రకటించడంలో అవమానం లేదు.

లిపికారుడు
విడతల పద్ధతి నాకు సమ్మతమే, ఒక్క షరతు మీద. మొదటి విడతలో పాత రికార్డులోని రాజు పేరును "పాలకుడు" గడిలో ఎక్కించవద్దు, "పాత గుర్తింపు" అనే గడిలోనే ఉంచండి. ఒకసారి పాలకుడి గడిలో చేరిన పేరును ఇతర డేటాబేస్‌లు లాక్కుపోతాయి, తరువాత మీరు మార్చినా అక్కడ మారదు.

పుస్తకపాలిక
తప్పనిసరి గడులను తీయించడానికి నిర్వాహకుడు ఒప్పుకున్నారు, శీర్షిక ఒక్కటి తప్ప. విడతల పద్ధతినే ప్రతిపాదిస్తాను, లిపికారుడు గారి షరతుతో సహా. రెండు ముద్రల నాణేలు మా దగ్గర లేవు కనుక ఆ తగవు నా వరకు రాలేదు. ఇప్పుడు శీర్షిక ఎలా ఉండాలో చెప్పండి, రాజు ఎవరో తెలియని నాణేలకు ముఖ్యంగా.

మెటాడేటా_మేస్త్రి
శీర్షికను ఎవరూ చేత్తో రాయకూడదు. లోహం, నాణెపు పేరు, పాలకుడు, టంకశాల, కాలం అన్న గడుల నుంచి సాఫ్ట్‌వేరే కూర్చేటట్లు చేయించండి. పాలకుడు తేలనప్పుడు ఆ స్థానంలో వంశమో ప్రాంతమో వస్తుంది, అదీ లేనప్పుడు బొమ్మల వర్ణన వస్తుంది: "సీసం, ముందువైపు ఏనుగు, వెనుకవైపు ఉజ్జయిని గుర్తు, 7.12 గ్రా." అన్నట్లు. చివర మీ సంఖ్య ఉంటే ఏ రెండు శీర్షికలూ ఒకటి కావు.

పుస్తకపాలిక
పాత రికార్డుల సంఖ్యలను మార్చవచ్చా? వాటిలో కొన్ని కవర్ల మీది సంఖ్యలతో సరిపోవడం లేదు.

కుండపెంకు
మార్చవద్దు. పాత సంఖ్యను ఎవరైనా తమ వ్యాసంలో ఉదహరించి ఉండవచ్చు. కొత్త సంఖ్య ఇవ్వక తప్పకపోతే పాత చిరునామా నుంచి కొత్తదానికి దారి మళ్ళించండి, కవరు మీది సంఖ్యకు మూడవ గడి కేటాయించండి, కవర్లను రెండు వైపులా స్కాన్ చేసి నాణెం రికార్డుకే జతచేయండి. వాటికి స్కానర్ వాడినా నీడపటం గారు ఏమీ అనరు.